మౌనమ్మ

సబ్బవరం అవతల జీడితోటల మధ్య ఉన్న ఆ ఆశ్రమంలో గేటు పక్కనే ఒక కొళాయి ఉండేది. వచ్చిన భక్తులందరూ అక్కడ కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేవారు. వీరన్న వచ్చినప్పుడు మాత్రం గేటు దగ్గరి సేవకుడు ఏమీ అనకుండా ఒక సబ్బుముక్క తెచ్చి గట్టు మీద పెట్టేవాడు. వీరన్న మోచేతుల దాకా రుద్దుకునేవాడు. పొద్దున్నే ఇంటి దగ్గర స్నానం చేసి, కొబ్బరినూనె రాసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని బస్సెక్కిన మనిషే. అయినా రుద్దుకునేవాడు. లోపల అతని భార్య ఉంది మరి.

వీరన్న ఫిషింగ్ హార్బర్లో ఒక మరబోటు మీద వల లాగే కలాసీ. బోటు కదిలితే పది పన్నెండు రోజులు నేల కనపడదు. భార్య సూర్యకళ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సీతమ్మధార వీధుల్లో అమ్మేది. ఆవిడ గొంతు పెదజాలరిపేటలో అందరికీ తెలుసు. గంగమ్మ పండక్కి పాడాలన్నా, పెళ్లికూతురికి పసుపు రాసేటప్పుడు పాడాలన్నా ఆమె కోసం కబురు వచ్చేది. చేపలోయ్ అని వేసే కేక కూడా రాగం మీదే ఉండేది. అపార్ట్‌మెంట్ మేడల మీంచి ఆడవాళ్లు ఆ కేక విని గిన్నె పట్టుకుని దిగేవారు.

వాళ్లకి ఒక్కతే కూతురు, సాయిదుర్గ. తొంభై ఏడు వానాకాలంలో, అయిదేళ్లు నిండకుండానే, మెదడువాపు జ్వరంతో పోయింది. అప్పుడు వీరన్న సముద్రం మీద ఉన్నాడు. బోటు జెట్టీకి చేరేసరికి అంతా అయిపోయి, ఇల్లు కడిగేసి ఉంది. ఆ రోజు ఏం జరిగిందని అతను అడగలేదు. అడిగితే ఆమె తట్టుకోలేదనుకున్నాడు. ఆమె చెప్పలేదు. చెబితే, నువ్వెందుకు లేవని అడిగినట్టవుతుందనుకుంది. అలా ఆ పిల్ల ఇద్దరి మధ్యా ఒక మూసిన గదిలా ఉండిపోయింది.

సూర్యకళ పాట మానేసింది. తట్ట ఎత్తడం మానేసింది. పిల్ల పడుకున్న చాప దగ్గరే కూచునేది. వీరన్న అక్క కాంతం పేటలో జరిగే భజనలకి వెళ్తుండేది. ఒక పౌర్ణమినాడు తమ్ముడినీ మరదలినీ బస్సెక్కించి సబ్బవరం తీసుకెళ్లింది.

అక్కడి గురువు పేరు పూర్ణబోధ స్వామి. ఒకప్పుడు హైస్కూల్లో లెక్కల మాస్టారట. బక్కపలచటి మనిషి, మెత్తటి గొంతు. కాషాయం కూడా కాదు, తెల్లటి పంచె. ఆయన సూర్యకళని ముందుకి పిలిచి, “పాప పేరేమిటమ్మా?” అని అడిగారు. పిల్ల పోయాక ఆ ఇంటికి వచ్చిన ఎవరూ పిల్ల పేరెత్తలేదు. సూర్యకళ పేరు చెప్పింది. ఏం తినేది, ఎక్కడ ఆడుకునేది, ఎవరి పోలిక, అన్నీ అడిగారాయన. ఆమె చెప్తూ చెప్తూ ఏడ్చింది. ఏడుపు ఆగేదాకా ఆయన కూర్చున్నారు. తర్వాత అన్నారు:

“ఆ పిల్ల నీది కాదమ్మా. కొన్నాళ్లు నీ దగ్గర ఉంచారు. నువ్వు బాగా చూసుకున్నావు. ఇచ్చినవాడు తీసుకున్నాడు. ఇందులో నీ తప్పేమీ లేదు.”

ఆలస్యంగా ఆస్పత్రికి తీసుకెళ్లానని లోలోపల కుమిలిపోతున్న మనిషి సూర్యకళ. ఆ మాట ఆమె గుండె మీద రాయిని పక్కకి తోసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వీరన్న భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఎన్ని నెలలకో అది మొదటి నిద్ర. గోపాలపట్నం దాటాక కూడా వీరన్న భుజం కదపలేదు. ఆ స్వామికి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి పౌర్ణమికీ వెళ్లారు. మూడోసారో నాలుగోసారో భజనలో సూర్యకళ గొంతు కలిపింది. మిగతా గొంతులన్నీ ఒక్కొక్కటే తగ్గి, చివరికి ఆమె ఒక్కతే పాడింది. స్వామి కళ్లు మూసుకుని విన్నారు. వెనకవరసలో నిలబడ్డ వీరన్నకి కళ్లు తిరిగినంత పనైంది. పోయిందనుకున్నది దొరికితే మనిషికి అలాగే ఉంటుంది.

ఆ పాట కోసమే స్టీలు ప్లాంటు టౌన్‌షిప్ నుంచి కార్లలో జనం రావడం మొదలైంది. ఆశ్రమంవాళ్లు ఆమె భజనలు క్యాసెట్టు చేశారు. వీరన్న వేటకెళ్లిన రోజుల్లో ఆమె అక్కడే ఉండి సేవ చేసేది. కొన్నాళ్లకి అతను ఇంటికొచ్చినా అక్కడే ఉండసాగింది. ఒకసారి అతను స్వామి దగ్గరికి వెళ్లి, “స్వామీ, ఈసారి నాలుగు రోజులు ఇంటికాడ ఉంటాను. తీసుకెళ్తాను,” అన్నాడు.

స్వామి నవ్వారు. “బిడ్డ నీది కాదని ఒప్పుకున్నావు కదా వీరన్నా. భార్య మాత్రం నీదెలా అయింది?”

హాల్లో అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ఆప్యాయంగానే.  మొదటి మాట నిజమైనప్పుడు రెండో మాట అబద్ధం ఎలా అవుతుంది? వీరన్న తలవంచి దండం పెట్టి బయటికొచ్చాడు. సూర్యకళ స్తంభం పక్కన నిలబడి చూస్తూ ఉంది. ఆమె వస్తానంటే తీసుకెళ్లిపోయేవాడు. అతను మళ్లీ అడిగితే ఆమె వచ్చేసేది. ఇద్దరూ స్వామి మాటకే కట్టుబడ్డారు.

వేసవిలో వేట ఆపేసే రోజుల్లో అతనికి ఇల్లు మరీ కష్టంగా ఉండేది. ఒక్కడికి ఎంత వండుకోవాలో తెలిసేది కాదు. వలకి ముళ్లు వేస్తూ గుమ్మంలో కూచుంటే, సందు చివర ఎవరో కేక వేస్తే తల ఎత్తేవాడు. మమకారం గొలుసు లాంటిదని స్వామి చెప్పారు కదా అని ఆమె చీరలు అక్కకి ఇచ్చేశాడు. రెండోరోజు వెళ్లి ఒకటి తిరిగి తెచ్చుకున్నాడు.

ఒక పౌర్ణమికి వెళ్లేసరికి ఆమె పాడటం లేదు. మైకులో ఆమె గొంతే వినిపిస్తోంది గాని, అది క్యాసెట్టు. ఆమె వేదిక కింద తెల్లచీరలో కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. జనం ఒక్కొక్కరే వచ్చి ఆమె కాళ్లకి మొక్కుతున్నారు.

“అమ్మ మౌనదీక్ష పుచ్చుకున్నారు,” అని సేవకుడు చెప్పాడు.

“ఎన్నాళ్లండి?”

“స్వామి విప్పమనేదాకా.”

అప్పట్నించీ ఆమెకి మౌనమ్మ అనే పేరు పడింది. వీరన్నకి ఆమెని దగ్గరగా చూసే చోటు ఒక్కటే మిగిలింది, ప్రసాదం వరస. ఆమె పులిహోర వడ్డించేది. అతను విస్తరాకు చాచి, “సూరీ, బాగున్నావా?” అనేవాడు. గరిటె ఒక్క క్షణం ఆగేది. వెనకవాడు నెట్టేవాడు. అతను ముందుకి జరిగిపోయేవాడు. తనతో మాట్లాడటం ఆమెకి ఇష్టంలేదని, అంత ఎత్తుకి వెళ్లిపోయిందని అనుకున్నాడు. మెచ్చుకోవాలనీ చూశాడు. మనసు ఒప్పుకోలేదు.

ఆశ్రమం దుకాణంలో ఆమె క్యాసెట్టు కొనుక్కుని బోటు మీదికి పట్టుకెళ్లాడు. బోటు డ్రైవరు జాన్‌బాబుది క్రైస్తవ కుటుంబం. అయినా ఆ భజనలు విసుక్కోకుండా వినేవాడు. ఒక సాయంత్రం, ఒడ్డున స్టీలు ప్లాంటు వెలుగు ఎర్రగా కనిపిస్తుండగా, జాన్‌బాబు అడిగాడు.

“బావా, ఇంత బాగా పాడే మనిషి నోరెందుకు మూసుకున్నాది?”

“దేముడి కోసం.”

“దేముడు అడిగినాడా, అయ్యోరు అడిగినారా?”  జాన్‌బాబు స్టీరింగు వైపు చూస్తూ అన్నాడు, “మా అమ్మని మా సంఘంలో ఒకాయన ఉపాసాలుంచి ఉంచి మంచం పట్టించీసినాడు బావా. మా పెద్ద పాస్టరుగారు ఒచ్చి గంజి తాగించినారు. ఇద్దరి సేతిలోనీ ఒకటే బైబిలు. అందుకని అడిగినాను.”

వీరన్నకి కోపం వచ్చింది. రెండు రోజులు అతనితో సరిగ్గా మాట్లాడలేదు.

అలా రెండేళ్లు దాటిపోయాయి. ఒకరోజు హార్బర్లో ఐసు మోసే దొరబాబు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. అతని పిన్ని పాపాయమ్మ ఆశ్రమంలో వంటకి ఉండేది. వీరన్నకి ఆవిడ ముఖం తెలుసు. “మా పిన్ని ఆస్పటల్లో ఉన్నాది బావా. నీతో మాటున్నాదట. ఒకసారి రమ్మంటంది,” అన్నాడు.

పాపాయమ్మ మంచం మీద గోడకి ఆనుకుని కూచుని ఉంది. దుప్పటి కింద ఒక కాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. వీరన్న అది చూసి చూపు తిప్పుకున్నాడు.

“సూడు నాయినా, పర్లేదు,” అందావిడ. “నాను పిలిసింది దీని కోసం కాదు. నీ పెళ్లాం మౌనం పుచ్చుకోనేదు. ఆల్లే పెట్టినారు.”

వీరన్న స్టూలు మీద కూచున్నాడు.

“నాకు సుగరు. కాలికి పుండు లేసినాది. మందులు మానీమన్నారు. దేహం నీది కాదు కదమ్మా, కర్మ కాల్తంటే నీళ్లోసి ఆర్పుకుంటావా అన్నారు స్వామి. నాను సరేనన్నాను. ఆ మాట ఎంత బాగున్నాదో నీకేటి సెప్పను. నొప్పి కూడా తగ్గినట్టే అనిపించినాది. నీ పెళ్లాం ఊరుకోనేదు. సత్సంగంలో అందరి ముందరా లేసి నిలబడినాది. ‘స్వామీ, మొన్న మీరు కంటికి ఆపరేసను సేయించుకున్నారు గదా, పాపాయమ్మని కూడా డాట్రుకి సూపించి తెత్తాను’ అన్నాది.”

“ఆయన ఏటన్నారు?”

“కోప్పడనేదు. నవ్వినారు. ‘అందరూ మెచ్చుకునేసరికి అమ్మ గొంతులోకి అహంకారం చేరింది, మౌనంతో కడుక్కోవాలి’ అన్నారు. మేమందరం దండాలెట్టినాం. నా కాలి కోసమే అడిగినాది, నానూ ఎట్టినాను.” పాపాయమ్మ పైటచెంగుతో ముఖం తుడుచుకుంది. “రెండేళ్లు ఆ పుండుతోనే ఈడ్సినాను. మొన్న మా దొరబాబు ఒచ్చి కాలు సూసి నన్ను ఎత్తుకొచ్చీసినాడు. అప్పటికే ఇలాగైపోనాది.”

“మరి సూరి ఎందుకు ఉండిపోనాది పిన్నీ? గేటుకి తాళం నేదు గదా.”

“తాళం గేటుకి ఎయ్యనేదు నాయినా. ఒక్కదాన్నీ గదిలోకి పిలిసినారు. నాను గుమ్మం బైట సాప ఏత్తన్నాను. ఇనపడినాది. ‘నీ మాట ఆగితేనే నీ పిల్లకి దారి దొరుకుతుంది. నువ్వు నోరు తెరిచిన ప్రతిసారీ అది వెనక్కి తిరిగి చూస్తుంది’ అన్నారు.”

వీరన్న వరండాలోకి వచ్చి గోడ వారగా చాలాసేపు నిలబడ్డాడు. రెండేళ్లుగా ఆమె తనని వద్దనుకుందని అనుకున్నాడు. ఆమె మాత్రం చచ్చిపోయిన పిల్లని ఇంకా మోస్తూనే ఉంది, పెదవులు బిగించి.

సంగతి విని జాన్‌బాబు పదిమందిని వేసుకుని వెళ్దామన్నాడు. వీరన్న వద్దన్నాడు. పదిమంది వెళ్తే ఆమెని లాక్కురావచ్చు. కానీ స్వామి గదిలో చెప్పిన మాట కూడా ఆమెతోనే వచ్చేస్తుంది, ఇంట్లోనూ ఆమెని నోరు తెరవనివ్వదు.

మర్నాడు పొద్దున్న ఒక్కడే వెళ్లాడు. గేటు దగ్గర అలవాటు కొద్దీ చేతులు రుద్దుకున్నాడు. స్వామి వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. చుట్టూ కొందరు భక్తులు. కాస్త దూరంలో సూర్యకళ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. జుట్టు కణతల దగ్గర నెరిసింది.

“సూరితో మాటాడతాను స్వామీ,” అన్నాడు వీరన్న.

“మాట్లాడు నాయనా. ఆమె పలకదు.”

“పలకమని అడగను.”

వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూచున్నాడు. ఆమె తల ఎత్తలేదు.

“పాపాయమ్మని సూసొచ్చినాను. కాలు తీసీసినారు. బతికున్నాది. నీ పేరే తలుసుకుంటంది.”

చేట మీద వేళ్లు ఆగాయి.

“నీకు గదిలో సెప్పిన మాట కూడా సెప్పినాది.” వీరన్న ఎక్కువగా మాట్లాడే అలవాటున్న మనిషి కాదు. “దుర్గమ్మ గురించి మనం ఎప్పుడూ మాటాడుకోనేదు. పోయిన పిల్లని నాను సూడనేదు. నాకు బతికున్న పిల్లే తెలుసు. అది సెప్తాను, ఇను. కరెంటు పోతే అది ఏటి సేసేది? ‘అమ్మా మాటాడు, అమ్మా మాటాడు’ అనేది. ఒచ్చి పట్టుకోమనేది కాదు. దీపం ఎట్టమనేది కాదు. నువ్వు వంటింట్లోంచి ఏదో ఒకటి మాటాడుతుంటే సాలు, ఆ సీకట్లోనే నీ గొంతు ఆనమాలు పట్టుకుని నీ దగ్గరికి నడిసొచ్చీది. ఎక్కడా గుద్దుకునేది కాదు.”

వీరన్న కాస్త ముందుకి జరిగాడు.

“అలాటి పిల్లకి నీ గొంతు అడ్డమంటే నాను నమ్మను సూరీ. నాకు శాస్తరం తెలీదు. ఈరు సెప్పినవాటిలో ఏది నిజమో తెలీదు. నా పిల్ల నాకు తెలుసు. అది ఎక్కడున్నా, సీకటిగా ఉంటే, నిన్ను మాటాడమనే అంటాది.”

స్వామి మెల్లగా అన్నారు, భక్తుల వైపు తిరిగి. “మమకారం ఎంత తియ్యగా మాట్లాడుతుందో చూశారా.” వాళ్లు తలలూపారు.

సూర్యకళ తల ఎత్తలేదు. బియ్యంలోకి ఒక చుక్క పడింది. అంతే. వీరన్న లేచాడు. ఇంకేం చెయ్యాలో అతనికి తెలియలేదు. మర్నాడు బోటు కదిలింది, అతనూ వెళ్లిపోయాడు.

ఆ వేటలో అతనికి తిండి సయించలేదు. క్యాసెట్టు పెట్టబుద్ధి కాలేదు. మాట్లాడి తప్పు చేశానా, పిల్ల పేరు చెప్పి తను కూడా ఆ స్వామిలాగే ఆమెని మెలిపెట్టానా అని ఆలోచించాడు. తేల్చుకోలేకపోయాడు. తిరుగుదారిలో కొండ మీది లైట్‌హౌస్ కనబడ్డా ఎప్పటిలా లేచి నిలబడలేదు.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసి ఉంది. సూర్యకళ పొయ్యి దగ్గర కూచుని ఉంది, అతను అక్క దగ్గర్నుంచి తిరిగి తెచ్చుకున్న ఆ ఒక్క చీర కట్టుకుని. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

“కాళ్లు కడుక్కో మావా,” అంది.

అది ఆమె గొంతు కాదు. రాపిడి పడ్డ తాడులా గరగరలాడుతోంది. వీరన్న గుమ్మం మీదే కూచున్నాడు. ఆమె నీళ్లు తెచ్చి పక్కన పెట్టి తనూ కూచుంది.

“నువ్వెల్లిన మూడోరోజు, దీపాలేళ,” అని చెప్పుకొచ్చింది, ఒక్కో మాటకీ ఆగుతూ. “వంటసాలలో ఉన్నాను. కరెంటు పోనాది. అందరూ అగ్గిపెట్టి కోసం తడుంకుంటన్నారు. నాను నోరు తెరిసినాను. దుర్గమ్మా అని పిలుద్దామంటే గొంతు రానేదు. గాలే వచ్చినాది. మళ్లీ పిలిసినాను. నాలుగోసారికో ఎప్పటికో వచ్చినాది. ఎవులూ తిట్టనేదు మావా. భయపడినారు. దీపం ఎట్టేసరికి అందరూ నాకు దూరంగా జరిగిపోయి ఉన్నారు. ‘తపస్సు పోయింది, అమ్మ పడిపోయింది,’ అన్నారు స్వామి. ఆ మాట కూడా మెత్తగానే అన్నారు. నాను గేటు దాటి రోడ్డెక్కీసినాను.”

ఆశ్రమానికి ఏమీ కాలేదు. ఆ తర్వాత కూడా హాలు పెద్దది చేశారు, కార్లు పెరిగాయి. మౌనమ్మ పతనమైపోయిందనీ, అంత ఎత్తుకెళ్లినా మాయ వదల్లేదనీ భక్తులు ఒకరికొకరు చెప్పుకున్నారు. కాంతం మరదలితో మాట్లాడటం మానేసింది. సందులో ఎదురైతే పక్కకి తిరిగి వెళ్లిపోయేది. డాక్టరు గొంతు చూసి, వాడకం లేక పట్టేసిందనీ మెల్లగా బాగుపడొచ్చనీ చెప్పాడు. మాట బాగుపడింది. పాట రాలేదు. సూర్యకళ మళ్లీ తట్ట ఎత్తింది గాని, కేక వెయ్యలేక ఒకచోట కూచుని అమ్ముకునేది. వారానికోసారి పాపాయమ్మని చూసొచ్చేది.

ఇంటికి వచ్చిందన్న మాటే గాని, పౌర్ణమి వస్తే ఆమె స్థిమితంగా ఉండేది కాదు. సాయంత్రం గుమ్మంలో కూచుని పడమటి వైపు చూసేది. వీరన్న గమనించినా కదిపేవాడు కాదు. ఒక పౌర్ణమినాడు మాత్రం ఊరుకోలేక, “ఏటి సూత్తన్నావు?” అని అడిగాడు.

“బస్సెక్కాలనిపిస్తంది మావా.”

 “ఎల్తావా?”

“ఎల్లను,” అంది. కాసేపు చీర అంచు మడతలు పెట్టుకుంటూ ఉంది. “మొదటిరోజు ఆయన నా పిల్ల పేరు అడిగినారు. మరెవులూ అడగనేదు. అంత ఏడిసినా లెగిసి ఎల్లిపోనేదు ఆయన. ఆ మనిషి దగ్గరికి ఎల్లాలని ఉంటాది. ఆ మనిషి ఇప్పుడు అక్కడ నేడని తెలుసు. అసలు ఉన్నాడో నేదో తెలీదు. అయినా ఉంటాది.”

 ఆమె కోరుకున్నది ఎంత చిన్నదో వీరన్నకి అప్పుడు తెలిసింది. అది తన ఇంట్లోనే దొరకాల్సింది. దొరక్కే అంతదూరం వెళ్లింది. అవతల అలల చప్పుడు వినిపిస్తోంది, చంద్రుడు ఇంకా పైకి రాలేదు. అతను ఆమె పక్కకి జరిగి కూచున్నాడు.

“సూరీ, నాను లేని రోజుల్లో ఏటైనాదో సెప్పు. పిల్లకి జరం ఎప్పుడొచ్చినాది?”

ఆమె అతని వైపు తిరిగి చూసింది. ఆ ప్రశ్న కోసం ఎన్నేళ్లుగా కాచుకుని ఉందో ఆ చూపులో తెలుస్తోంది. నిజంగా వింటాడా అని సందేహం కూడా ఉంది.

“బుధవారం నాడు,” అంది గరగరలాడే గొంతుతో. “పొద్దున్న బాగానే ఉన్నాది. టీలో రొట్టి ముంచుకుని తిన్నాది. నాన్న ఏ రోజొస్తాడని అడిగినాది...”

వీరన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు. ఆమె ఆగిన చోటల్లా, తర్వాత అని అడిగాడు.